చెఱపడిన యోడ



ఈ పూట నేనొక యోడ కథ చెప్పదలచితిని. మదనపల్లె యెక్కడ, సముద్రమెక్కడ, పుంగనూరు పంతులుకు ఓడలతో నేమి పని అని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, తప్పులేదు. నేను సముద్రమును మొదటిమాఱు కన్నులార చూచినది రామేశ్వర యాత్రకు పోయినప్పుడు. అప్పటికి నాకు ముప్పదియేండ్లు దాటినవి. అయినను ఈ యోడకును మన సీమకును ఒక విధమైన చుట్టఱికము కలదు. అది హైదరాలీ మూలమున ఏర్పడినది.

హైదరు పేరు మన ప్రాంతమున ఎఱుగనివారు లేరు. గుఱ్ఱంకొండ దుర్గము ఆయన చేతిలో నుండెను. మన కొండల నడిమి త్రోవలు ఆయన దండునకు కొట్టినపిండి. 1782వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన, చిత్తూరు దగ్గఱ నరసింగరాయనిపేట యొద్ద తన పాళెములోనే, వీపున లేచిన రాచపుండుచేత ఆయన మరణించెను. కుమారుడు టిప్పు అప్పుడు పడమటి తీరమున మలబారులో నుండెను. అతడు వచ్చువఱకు ఆ వార్త పొక్కకుండ మంత్రులు దాచిరి. దేహమును పెట్టెలోనుంచి, ఖజానా సాగించుచున్నట్లు నటించి, తండ్రి ఫతే మహమ్మదు సమాధి గల కోలారునకు ముందుగా పంపిరి. అటుపిమ్మటనే శ్రీరంగపట్టణమునకు చేర్చిరి. ఈ కథ మీ తాతల నోట మీరు వినియే యుందురు.

ఆ సంవత్సరముననే, ఆ మరణమునకు ఆఱు నెలల ముందు, జూన్ మాసమున, హైదరుతో పొత్తు గల ఫ్రెంచివారి నౌకాదళము మన తూర్పు సముద్రమున ఒక ఆంగ్లేయ సామగ్రి యోడను పట్టుకొనెను. ఆ యోడ పేరు రెజొల్యూషన్. తెలుగున దృఢసంకల్పమని చెప్పుకొనవచ్చును. నేను చెప్పదలచినది దాని కథయే.

దీని పుట్టుక గొప్పది కాదు. ఇంగ్లండు తూర్పుతీరమున విట్బీ యను రేవుపట్టణమున ఫిష్‌బర్న్ అను నతని కార్ఖానాలో 1770లో దీనిని కట్టిరి. పొడవు 110 అడుగులు, వెడల్పు 35 అడుగులు, కొలత 462 టన్నులు. మన పల్లెలో నాలుగిండ్లు వరుసగా కట్టినచో ఎంతయో అంతయే. ఇది బొగ్గు మోయుటకై కట్టిన యోడ. బొగ్గుల ఓడకు అడుగు బల్లపఱపుగా నుండును, కడుపు పెద్దదిగా నుండును. తీరమున ఇసుకపై కూర్చుండబెట్టినను ప్రక్కకు ఒఱగదు. చూచుటకు అందము లేకున్నను దూరప్రయాణమునకు ఇంతకంటె తగినది లేదని కెప్టెన్ జేమ్సు కుక్కు అను నావికుడు అనుభవము మీద తెలిసికొనియుండెను. అందుచేత ఆంగ్లేయ నౌకాశాఖవారు 1771లో 4,151 పౌనులకు దీనిని కొనిరి.

పేరు విషయము కొంచెము వినుడు. పుట్టినప్పుడు దీనికి మార్క్విస్ ఆఫ్ గ్రాన్బీ అని ఒక ప్రభువు పేరు పెట్టిరి. నౌకాశాఖవారు కొని డ్రేక్ అని మార్చిరి. డ్రేక్ అనువాడు పూర్వము స్పెయిను దేశపు ఓడలను కొల్లగొట్టిన ఆంగ్లేయుడు. ఆ పేరు వినిన స్పెయినువారికి మనసు నొచ్చునని ఆలోచించి, ఆ యేడు డిసెంబరు మాసముననే మరల మార్చి రెజొల్యూషన్ అనిరి. ఏడాది కొక పేరు! అప్పటికింకను అది గొప్ప ప్రయాణమేదియు చేయలేదు.

1772వ సంవత్సరము జూలై 13వ తేదీన కుక్కు ఈ యోడనెక్కి ప్లిమత్ రేవు విడిచెను. దక్షిణమున పెద్ద భూఖండము కలదని పండితులు వాదించుచుండిరి. ఉన్నదో లేదో చూచి రమ్మని ఆయనకు ఆజ్ఞ. 1773 జనవరి 17వ తేదీన ఈ యోడ దక్షిణ హిమవృత్తమును దాటెను. అంతకు ముందు మఱి యే యోడయు దానిని దాటినట్లు చరిత్రలో లేదు. మఱుసటి సంవత్సరము జనవరి 30వ తేదీన 71 అంశల 10 కళల దక్షిణాక్షాంశము చేరి, ఎదుట మంచుగడ్డలు గోడకట్టగా వెనుకకు మరలెను. మూడేండ్ల పదునెనిమిది దినములకు ఇల్లు చేరెను. ఆ కాలమున దూరయాత్ర చేసిన ఓడలలో చిగుళ్ళు కుళ్ళి, పండ్లూడి, మనుష్యులు పదులకొలది చచ్చుచుండిరి. దానికి స్కర్వీ యని పేరు. ఈ యోడలో ఆ రోగముచేత ఒక్కడును చావలేదు.

పంచాంగము చేయువారికి ప్రియమగు మఱియొక సంగతి యీ ప్రయాణములో కలదు. మన సిద్ధాంతులు దేశాంతర సంస్కారమని చెప్పుదురు గదా! ఉజ్జయిని రేఖకు తూర్పుననున్న ఊరిలో సూర్యుడు ముందుగా ఉదయించును, పడమట నున్న ఊరిలో ఆలస్యముగా ఉదయించును. ఒక ఘడియ తేడాకు ఆఱు అంశల దూరము. నేలపై నున్నవాడు గ్రహణము చూచి ఈ లెక్క కట్టును. నడిసముద్రమున ఊగులాడు ఓడలో కట్టుటెట్లు? బయలుదేరిన ఊరి కాలమును తప్పక చూపు గడియారమొకటి చేతనున్నచో, నెత్తిమీది సూర్యునితో దానిని సరిచూచి దేశాంతరము చెప్పవచ్చును. లార్కమ్ కెండాల్ అనువాడు చేసిన అట్టి గడియారము ఈ యోడలో పోయి, చలిలోను ఎండలోను నమ్మకముగా నడిచి వచ్చెను. కుక్కు దానిని ఎంతయో మెచ్చుకొనెను.

మఱియొక ప్రయాణము 1776 జూలైలో మొదలైనది. ఈసారి ఉత్తరపు మంచు సముద్రము మీదుగా త్రోవ కలదా యని చూచుటకు పోయిరి. హవాయి ద్వీపములలో ఓడ ముందరి కొయ్య విఱుగుటచే, విడిచిపోయిన రేవునకే బాగుచేసికొనుటకై మరలవలసి వచ్చెను. అచ్చట ద్వీపవాసులతో తగవు పుట్టి 1779 ఫిబ్రవరి 14న కుక్కు చంపబడెను. విఱిగిన కొయ్య మూలమున మనిషి పోయెను. ఓడ 1780 అక్టోబరులో స్వదేశము చేరెను.

ఈ నడుమ జరిగిన ఒక సంగతి మీరు శ్రద్ధగా వినవలెనని నా ప్రార్థన. 1778 నుండి ఫ్రెంచివారికిని ఆంగ్లేయులకును యుద్ధము. అమెరికావారు అప్పటికే ఆంగ్లేయులపై తిరుగబడియుండిరి. శత్రువుల ఓడ కనబడిన పట్టుకొనుట యుద్ధధర్మము. అయినను 1779 మార్చి 10వ తేదీన, ప్యారిసునగరము చెంత అమెరికా రాయబారిగానున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ తమ దేశపు యుద్ధనౌకల నాయకులందఱకును ఒక లేఖ వ్రాసెను. కుక్కు నడుపు ఓడ మీ కంటబడినచో దానిని పట్టవలదు, దోచవలదు, అందున్నవారిని మిత్రులవలె ఆదరింపుడు అని దాని భావము. ఫ్రెంచి రాజుగారి నౌకామంత్రి సార్టీన్ కూడ ఆ సంవత్సరముననే అట్టి యాజ్ఞ పంపెను. విద్య సర్వజనులకును ఉపకరించునది గనుక దాని కొఱకు తిరుగువాడు ఏ పక్షమువాడును కాడని వారి తలంపు. కుక్కు చనిపోయి ఇరువది నాలుగు దినములైనదని లేఖ వ్రాసిన ఫ్రాంక్లిన్ ఎఱుగడు. ఆ వార్త లండను చేరుట 1780లో.

అట్లు శత్రువులచేత అభయము పొందిన యోడ ఇంటికి వచ్చినది. వచ్చిన పిమ్మట ఏమి చేయుదురు? పూజామందిరములో పెట్టుదురా? నౌకాశాఖవారు దానికి కొన్ని తుపాకులమర్చి యుద్ధసామగ్రి మోయు ఓడగా చేసి, 1781 మార్చిలో మన దేశము వైపు పంపిరి. పాతకాలపు ఏనుగు ముసలిదై కలప మోయుటకు పోయినట్లని నేను మా పిల్లలకు చెప్పుచుంటిని. ఓడ అదియే, కొయ్యలు అవియే. అభయము మాత్రము లేదు. 1779లో దానిని ముట్టవలదని చెప్పిన రాజుగారి దళమే 1782 జూన్‌లో దానిని పట్టుకొనెను. పట్టినవారిని నేను తప్పుపట్టను. వారు అభయమిచ్చినది పనికే గాని పలకలకు కాదు.

పట్టినది సుఫ్రేను అను ఫ్రెంచి నౌకాసేనాపతి. అతనికి సామగ్రి యోడ ఎంత విలువైనదో తెలియవలెనన్న అతని కష్టము తెలియవలెను. ఫ్రెంచివారి పుదుచ్చేరి 1778లోనే ఆంగ్లేయుల వశమైనది. ఈ తీరమున అతనికి ఓడలు బాగుచేసికొనుటకు సొంత రేవు లేదు. 1782 ఏప్రిల్‌లో కడలూరు వారి చేజిక్కినది గాని, అది తెఱపి తీరము. ఓడలను మరమ్మతు చేయు సౌకర్యములు లేవు. కొయ్య విఱిగిన కొయ్య కావలెను, త్రాడు తెగిన త్రాడు కావలెను, ప్రతిదినమును వేలమందికి తిండి కావలెను. ఆ ఒక్క సంవత్సరమున అతడు ఆంగ్లేయ సేనాపతి హ్యూసుతో నాలుగు యుద్ధములు చేసెను. దెబ్బతిన్న పెద్ద యోడకు చిన్న యోడ కొయ్యను పెఱికి నాటించు దినములవి. అట్టివానికి సామగ్రి యోడ దొరకుట, కఱవుకాలమున ఆకలిగొన్న ఊరికి ధాన్యపు బండి దొరకినట్లు.

జూలై 6వ తేదీన నాగపట్టణము ఎదుట యుద్ధము జరిగెను. దానిలో ఫ్రెంచి ఓడలు చాల చెడినవి. సుఫ్రేను రెజొల్యూషన్‌ను మనిలాకు పంపెను. మనిలా అప్పుడు స్పెయినువారిది. స్పెయిను ఫ్రెంచివారికి మిత్రము. కలపయు, బిస్కత్తులును, త్రాళ్ళును కొని తెచ్చుట, దొరకిన నావికులను కొలువులో చేర్చుకొని వచ్చుట దాని పని. స్పెయినువారికి మనసు నొచ్చునని పేరు మార్చిన యోడయే స్పెయినువారి రేవునకు సరకు కొనుటకు బయలుదేరినది! ఆ దినము జూలై 22.

హైదరు తన మిత్రుని చూచుటకై దండుతో కడలూరు ప్రాంతమునకు వచ్చుట ఆ జూలై చివరి దినములలోనే. సుఫ్రేను మిక్కిలి స్థూలకాయుడు. మన దర్బారు మర్యాద ననుసరించి నేలపై మఠము వేసికొని కూర్చుండలేక ఇబ్బంది పడుచుండగా, హైదరు దిండ్లు తెప్పించి ఆయనకు సుఖాసనము ఏర్పఱచెనని చెప్పుదురు. అప్పటికి మన యోడ తీరము విడిచి కొలది దినములైనది. నాలుగున్నర నెలలకు హైదరు నరసింగరాయనిపేటలో కన్నుమూసెను. మనిలాకు పోయిన యోడ తిరిగి రాలేదు.

ఏడాది గడచుచుండెను. 1783 జూన్ 5వ తేదీన సుఫ్రేను వ్రాసిన లేఖలో, ఆ యోడ మునిగినదో లేక ఆంగ్లేయుల చేత చిక్కినదో యని తన భయము తెలిపెను. రెండింటిలో ఏదో ఆయనకును తెలియదు. ఆ మాసాంతమున ఐరోపాలో సంధి యైన వార్త వచ్చెను. ఫ్రెంచివారు తమ దారిని తాము పోయిరి.

ఇచ్చట నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. ముప్పదియైదేండ్ల క్రిందట నేనొక పల్లె పాఠశాలలో తెలుగుతో పాటు, మాస్టరు లేని కొఱతచే, చరిత్రము కూడ చెప్పుచుంటిని. ఒకనాడు కుక్కు కథ చెప్పుచు, పిల్లలు కదలక మెదలక వినుచుండుటచే నాకు ఉత్సాహము హెచ్చి, "ఆ యోడ మనిలాకు పోవుచు సుందా జలసంధి చెంత తుపానులో చిక్కి మునిగెను" అని ముగించితిని. తుపాను నేను కల్పించినది. పుస్తకములో లేదు. పిల్లలు తమ నోటు పుస్తకములలో 'మునిగెను' అని వ్రాసికొనిరి. చివరి వరుసలోని బాలుడొకడు లేచి, "అయ్యవారూ, మునుగుట చూచినదెవరు?" అని అడిగెను.

"ఎవరును చూడలేదురా. తిరిగి రాలేదు గనుక మునిగినది" అంటిని.

"మా నాయన పోయిన యేడు మదనపల్లె సంతలో మా ఆవును అమ్మినాడు. అది మరల మా ఇంటికి రాలేదు. అది చచ్చినదా, అయ్యవారూ?"

తరగతి గొల్లున నవ్వినది. వాని ఇంటిది పుంగనూరు జాతి ఆవు. ఆ కుఱచ ఆవు ఎవరింట నున్నను చుట్టుప్రక్కల పది పల్లెలకు ఆనవాలు తెలియును. సంత దాటి, కొన్నవాడు మఱియొకనికి అమ్మినచో, ఆ రెండవవాడు పేరు మార్చి పిలిచినచో, దాని జాడ ఎవరు చెప్పగలరు? బాలుడు అడిగినది న్యాయమైన ప్రశ్న. నేను "నోరుమూసికొని కూర్చుండుము" అని గద్దించితిని. వాడు కూర్చుండెను. అటుపిమ్మట ఆ యేడంతయు వాడు నన్నొక ప్రశ్నయు అడుగలేదు.

ఆ మాట నన్ను చాలకాలము బాధించినది. తరువాత దొరకిన పుస్తకములెల్ల చదివితిని. తెలిసినదేమనగా, ఆ యోడ చావును చూచినట్లు సాక్ష్యము చెప్పినవాడు లేడు. ఎందుచేతనో ఆలోచింపుడు. పూర్వము భూమి చేతులు మాఱినప్పుడు అడంగలులో పాత పేరు కొట్టివేసి క్రొత్త పేరు వ్రాయుచుండిరి. పుస్తకము మాత్రము అదియే, కరణము చేతిలోనే యుండెడిది. శత్రువు పట్టిన యోడకు పుస్తకమే మాఱును. ఆంగ్లేయులు తమ పుస్తకములో 'పట్టుబడినది' అని వ్రాసి గీత గీసిరి. ఫ్రెంచివారి పుస్తకములో అది యుద్ధమధ్యమున కొన్ని వారములు నిలిచి జాఱిపోయినది. దత్తత పోయిన బిడ్డకు గోత్రము మాఱును గదా! పుట్టినింటివారు తద్దినము పెట్టరు. చేరినింటివారు కూడ వానిని పోగొట్టుకొన్నచో ఇక వాని తిథి ఎవరికి తెలియును? తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య నాడు పెట్టుమని మన పెద్దలు దారి చూపిరి. ఓడలకు అట్టి అమావాస్య లేదు. అందుచేత ఎవరికి తోచిన తిథి వారు చెప్పిరి.

1879 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను పత్రిక 'ఆర్గస్' ఒక సంగతి ప్రకటించెను. ఈ యోడ తుదకు పోర్చుగీసువారి సొత్తై, బ్రెజిలు దేశపు రయో రేవున కొయ్యలు లేని మొండెమై, బొగ్గుల కొట్టుగా కాలము వెళ్ళబుచ్చినదట. బొగ్గుతో పుట్టి బొగ్గుతో ముగిసినదన్న మాట. వినుటకు చక్కగా నున్నది. కథ మఱీ చక్కగా ముగిసినచో నాకు అనుమానము. నేనును ఒక తుపానును కల్పించినవాడను గదా! ఈ మాటకు దాఖలా ఇంతవఱకు దొరకలేదు.

మఱియొక వాదము అమెరికాలోని న్యూపోర్టు రేవునకు చెందినది. లిబర్టే అను ఫ్రెంచి ఓడ అచ్చట 1793లో మునిగినది. అది కుక్కు మొదటి ప్రయాణము చేసిన ఎండెవర్ అను నోడయే యని 1834లో అచ్చటి ఆంగ్లేయ కాన్సలు వ్రాసెను. ఆ పిమ్మట, నౌకాశాఖవారు చెప్పగా తెలిసినది కాదు, ఆ ఫ్రెంచి యోడ పాత యజమానుల నోట విన్నమాట యని ఒప్పుకొనెను. ఒప్పుకొన్నందులకు ఆయనను మెచ్చుకొందును. నిజమునకు ఎండెవర్ 1775లో అమ్ముడుపోయి, లార్డ్ శాండ్విచ్ అని పేరు మాఱి, సైనికులను మోసి, ఖైదీలకు చెఱసాలయై, 1778 ఆగస్టులో అదే న్యూపోర్టు రేవున ఆంగ్లేయుల చేతనే కావలెనని ముంచబడినది. మఱి ఆ లిబర్టే యేది? అది మన రెజొల్యూషనే కావచ్చునని పిమ్మట కొందఱు ఊహించిరి. కాదు, ఎండెవర్ అను పేరుగల వేఱొక చిన్న యోడ యని మఱికొందఱు. కుక్కు ఓడలు రెండును లోకమంతయు తిరిగి ఒకే రేవున మునిగినవనుట జరుగరానిది కాదు. కాని మనిలా త్రోవలో పోయినది అట్లాంటికు సముద్రమున తేలువఱకు నడుమ పదియేండ్ల త్రోవకు నమ్మదగిన కాగితము చూపనిది నేను ఒప్పుకొనను.

ఓడ ముందరి బొమ్మ యొకటి న్యూజీలాండు గవర్నరు జనరలుగా నుండిన గాల్వే ప్రభువు వద్ద కలదనియు, అది దీనిదేననియు చెప్పుచుండిరి. ఆ యోడను చూచి వేసిన పాత చిత్రముతో పోల్చగా సరిపోలలేదు.

కాగితములున్న యోడకే ఎంత కష్టమో చూడుడు. ఎండెవర్ మునిగిన సంవత్సరము, రేవు అన్నియు తెలిసినవే. అయినను అడుగునబడియున్న పలకలు దానివేనని ఆస్ట్రేలియా నౌకాప్రదర్శనశాలవారు 2022 ఫిబ్రవరిలో ప్రకటింపగా, అచ్చట వెదకుచున్న అమెరికావారు తొందరపడితిరని వెంటనే ఆక్షేపించిరి. ఇంక మన రెజొల్యూషన్‌కు సంవత్సరమును లేదు, రేవును లేదు.

నాకిచ్చిన పదునైదు నిమిషములు కావచ్చినవి. ఆ బాలుడు నేడు ఏబదియేండ్లకు దగ్గఱపడి యుండును. పుంగనూరులోనో, కుప్పములోనో, జీవనార్థమై బెంగుళూరులోనో యుండవచ్చును, నాకు తెలియదు. ఈ మాట వాని చెవినబడినచో, ఆ పాత నోటు పుస్తకము ఇంకను ఏ అటకమీదనైన నున్నచో, అందులో తుపాను మాటను, 'మునిగెను' అన్న మాటను కొట్టివేయవలెను. వానికి బదులుగా "1782 జూలై 22వ తేదీన మనిలాకు బయలుదేరెను" అని వ్రాసి, తక్కిన గీతను ఖాళీగా విడువవలెనని అయ్యవారు చెప్పుచున్నారు.